పొట్టి కాలు స్టూలు

ఫిబ్రవరి 3

అక్కా,

నువ్వూ బావా కులాసాగా ఉన్నారని నమ్ముతూ రాస్తున్నాను. ఫోన్ చేస్తే "నీ గొంతు టీవీలోంచి వస్తున్నట్టుందిరా, ఏం మాట్లాడినా తీర్పు చదువుతున్నట్టే ఉంటుంది, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. సరే, నల్లకోటు విప్పేసి మేకప్ గదిలో కూర్చుని రాస్తున్నాను. వేళ్ల పౌడరు కాగితానికి అంటితే తిట్టుకోకు.

సంగతేమిటంటే, ఇవాళ షూటింగుకి ఫ్లెక్సీ వచ్చాడు. అదే, మన వార్డు పార్టీ కార్యదర్శి. ఎవరి పుట్టినరోజైనా సరే, వీధి చివర తన మొహమే పెద్దది చేసి ఫ్లెక్సీ కట్టిస్తాడని నువ్వు పేరు పెట్టావే, అతనే. కారు దిగుతూనే "జడ్జిగారూ" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఈసారి మన వార్డులో కౌన్సిలరు పదవికి పార్టీ తరఫున నన్నే నిలబెడతారట. సీరియల్లో ఇన్నేళ్లుగా జడ్జి వేషం వేస్తున్నాను కదా, జనానికి నా మాట మీద గురి ఉందట. ఇంతకన్నా అర్హత ఏం కావాలన్నాడు. నవ్వొచ్చింది. అబద్ధమెందుకు, సంతోషం కూడా వేసింది.

ఎందుకో నీకు చెప్పాలి. కౌన్సిలరునైతే ఇంటికి వచ్చెయ్యాలి కదా. మేడమీద గదిలో ఉండాలి. పొద్దున్నే కింద నుంచి నీ కుట్టు మిషన్ చప్పుడు వినపడాలి. ఇక్కడ నా ఫ్లాటులో ఫ్రిజ్ తప్ప ఇంకేదీ చప్పుడు చెయ్యదక్కా. లేవగానే "టీ అయిందా" అని అడుగుదామంటే అడగడానికి మనిషి లేదు.

స్టూలు సంగతి నువ్వే చూసుకో. నాన్న తర్వాత ప్రశ్నలు అడిగే పెద్ద నువ్వేగా. సొంత తమ్ముణ్ని ఏం ఇబ్బంది పెడతావులే.

గది కాస్త దులిపించు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 10

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివిన ఆనందంలో కత్తెర ఎక్కడ పెట్టానో మర్చిపోయి ఇల్లంతా వెతికాను. స్కూలు యూనిఫారాల గుడ్డ కింద ఉందని మీ బావ తీసిచ్చారు. తమ్ముడొస్తున్నాడంటే నాకు కళ్లు కనపడవని ఆయన ఎగతాళి. గది అప్పుడే దులిపేశాను. కిటికీ రెక్క బిగుసుకుపోయి ఉంటే ఆయన బస్సు డిపో నుంచి గ్రీజు తెచ్చి రాశారు. ఇప్పుడు వేలితో తోస్తే తెరుచుకుంటోంది. నీ గొంతు టీవీలో కాకుండా మన మెట్ల మీద వినాలని నాకెంత ఉందో రాయడం నాకు చేతకాదు.

ఇక స్టూలు. చిన్నప్పుడు చూసినవాడివే అయినా మర్చిపోయినట్టున్నావు గనక మళ్లీ చెబుతున్నాను. మన పార్టీలో ఈ వార్డు టికెట్ అడిగేవాళ్లు ఎవరైనా సరే, ఆఫీసులో పేపర్లు చదువుకునే గదిలో ఆ స్టూలు మీద కూర్చోవాలి. ఎదురుగా పొడుగు బల్ల మీద వార్డులో వాళ్లు కూర్చుంటారు. ఎవరేమైనా అడగొచ్చు. చివరి ప్రశ్న బల్ల మీది పెద్ద అడుగుతారు. జవాబు చెప్పలేనివాడు ఏడాది పాటు ఈ వార్డులో కాపురముండి, మళ్లీ వచ్చి కూర్చోవాలి. దానికి అటూ ఇటూ లేదు. లాయరుగారు గుర్తున్నారా? కోర్టులో గడగడా వాదించే మనిషి, మన మురిక్కాలవ ఎక్కడ పూడిపోతుందో చెప్పలేక నీళ్లు నమిలారు. నాన్న "మళ్లీ రండి" అన్నారు. ఆయన రోషపడకుండా అద్దకం షాపు మీద గది తీసుకుని ఏడాది ఉన్నారు. రెండోసారి కూర్చున్నప్పుడు బల్ల మీద వాళ్లకి తెలియని సంగతులు కూడా చెప్పారు. ఆయనలాంటి కౌన్సిలరు మళ్లీ రాలేదు.

ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. నాన్న మిల్లులో లేతు మిషన్ మీద పనిచేసిన మనిషి, తలుచుకుంటే చిటికెలో సరిచేసేవారు. చెయ్యలేదు. రెండు పాదాలూ నేలకి ఆనిస్తే తప్ప దాని మీద కుదురుగా కూర్చోలేరు, ఉండనివ్వండి అన్నారు. మీ బావకి మాత్రం దాన్ని చూసినప్పుడల్లా చేతులు దురదపెడతాయి.

నువ్వంటే నాకు ప్రాణం. అది వేరు, స్టూలు వేరు. నువ్వు ఈ వీధిలో ఉండి చాలా కాలమైందిరా. టికెట్ మాట పక్కన పెట్టి ముందు వచ్చెయ్. ఉత్తినే రా.

టీ చల్లారకముందే తాగడం ఇప్పటికైనా అలవాటైందా?

అక్క


ఫిబ్రవరి 18

అక్కా,

ఉత్తరం అందింది. మొదటి పేరా తమ్ముడికి రాశావు. మిగతాదంతా ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి రాశావు.

ఉత్తినే రమ్మన్నావు. ఉత్తినే వచ్చి ఏం చెయ్యను? నీ మిషన్ పక్కన కూర్చుని యూనిఫారాలకి బొత్తాలు కుట్టనా? వీధిలో వాళ్లు "జడ్జిగారు ఎన్నాళ్లుంటారు" అని అడిగితే ఏం చెప్పను? ఈ వయసులో మనిషి ఇంటికి రావాలన్నా ఒక కారణం ఉండాలక్కా. అది దొరికిందని సంబరపడి రాస్తే, నువ్వు కాలవ ఎక్కడ పూడుతుందో తెలుసా అంటున్నావు.

ఫ్లెక్సీ ఫోన్ చేశాడు. స్టూలు పద్ధతి తీసేశారటగా. ఇప్పుడంతా సర్వేలేనట. ఇంకో మాట కూడా అన్నాడు, నమ్మబుద్ధి కాలేదు. మేడమీద గది నిండా పాత సామాన్లు పడేశావట, కాలు పెట్టే చోటు లేదట. దులిపానన్నావు, గ్రీజు రాశారన్నావు. నేను రావడం ఇష్టం లేకపోతే ఆ ముక్కే రాయొచ్చు కదా.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఉంటాను.

తమ్ముడు


ఫిబ్రవరి 26

తమ్ముడూ,

పని ఎక్కువగా ఉందట, ఉంటాడట. నాకేమో పనీపాటా లేదు కాబట్టి వివరంగా రాస్తాను.

పార్టీ ఆఫీసుకి ఫ్లెక్సీ కొత్త హంగులు చేయించాడు. గోడలకి అద్దాలు, ఏసీ, కూర్చుంటే మనిషి లోపలికి దిగబడిపోయే సోఫాలు. చదువుకునే గదిలో పేపర్ల అల్మారా తీసేసి అక్కడ నాయకుడి నిలువెత్తు బొమ్మ పెట్టారు, పక్కన నిలబడి ఫోటో తీసుకోవడానికి. బల్లా స్టూలూ రోడ్డు మీద, చెత్తబండి ఆగేచోట పడి ఉన్నాయి. నేను చూసేవేళకి బల్ల కింద కుక్క పడుకుని ఉంది. తల కొట్టేసినట్టయింది. మీ బావ స్టూలు భుజాన వేసుకున్నారు, బల్ల తోపుడుబండి మీద వేయించి తెచ్చాం. కింద గుడ్డల తానులతో నాకే నడవడానికి దారి లేదు. అందుకని మేడమీద పెట్టాం. అవీ ఆ పాత సామాన్లు.

బల్ల గోడవారకి జరిపితే నీ మంచం పడుతుందా లేదా అని టేపు పెట్టి కొలిచాను. పడుతుంది. ఆ సంగతి ఫ్లెక్సీ నీకు చెప్పి ఉండడు.

పార్టీ జెండాలు కూడా ఇక నన్ను కుట్టొద్దన్నారు. ప్లాస్టిక్‌వి కట్టలు కట్టలుగా దిగాయి, వాటికి అంచు కుట్టక్కర్లేదు. పోతే పోయింది. ఒక్కటి మాత్రం అడుగుతాను. స్టూలు తీసెయ్యమని అతనితో అన్నది నువ్వేనా? జడ్జిగారికి ఇబ్బందిగా ఉంటుందని తీసేశామని వీధి వీధంతా చెప్పుకుంటున్నాడు. నాన్న కూర్చున్న బల్లరా అది. నువ్వు కాదని ఒక్క ముక్క రాయి, నమ్మేస్తాను.

అక్క


మార్చి 5

తమ్ముడూ,

నీ జవాబు కోసం ఆగలేక మళ్లీ రాస్తున్నాను.

నిన్న టీవీలో నువ్వు చచ్చిపోయావు. నేను కాజాలు కుడుతూ చూస్తున్నాను. ఏదో ఆస్తి తగాదాలో తీర్పు చదువుతూ చదువుతూ గుండె పట్టుకుని కుర్చీలోనే ఒరిగిపోయావు. తర్వాత ఆ ఖాళీ కుర్చీనే చాలాసేపు చూపించారు. సూది వేలికి గుచ్చుకున్నది కూడా తెలియలేదు, బావురుమన్నాను. మీ బావ ముందు నవ్వారు. వాడు ఈపాటికి ఇంట్లో కూర్చుని తన చావు తనే చూసుకుంటూ ఉంటాడన్నారు. అంతలోనే నవ్వు ఆపేశారు.

"అయితే వాడికి ఇక పని లేదన్నమాట" అన్నారు.

నాకు తట్టనే లేదురా. పదవి మీద మోజు పుట్టింది నీకు, పట్నం గాలి అనుకున్నాను. నీ ఉత్తరాలు తీసి మళ్లీ చదివాను. ఇంటికి రావాలన్నా ఒక కారణం ఉండాలని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మొదటిసారి చదివినప్పుడు ఆ మాటకి నాకు కోపమొచ్చింది. ఇప్పుడు నా మీదే కోపమొస్తోంది.

పని పోయిందని నాకెందుకు చెప్పలేదు? నాకు కాకపోతే ఎవరికి చెబుతావు?

పోయిన ఉత్తరంలో అడిగినదానికి జవాబు రాయక్కర్లేదు. వేళకి తింటున్నావో లేదో, అది రాయి.

అక్క


మార్చి 14

అక్కా,

చచ్చిపోయి కూడా ఉత్తరాలు రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. వేళకే తింటున్నాను.

నువ్వు వద్దన్నా చెబుతున్నాను, స్టూలు తియ్యమని నేను అనలేదు. దాన్ని రోడ్డు మీద పడేశారని నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. ఫ్లెక్సీ మాట పట్టుకుని గది గురించి అలా రాసినందుకు సిగ్గుగా ఉంది. నువ్వు టేపు పెట్టి కొలిచావన్న వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఫ్లెక్సీ వచ్చిన రోజే నా ఆఖరి షూటింగు. నీకు చెబితే వచ్చెయ్ అంటావని తెలుసు. జాలిపడి పిలిస్తే రావడం నాకిష్టం లేకపోయింది. ఏదో ఒకటి అయి రావాలనుకున్నాను.

మొన్న పార్టీ పెద్దాఫీసుకి పిలిచారు. వరండాలో నాలాగే టికెట్ కోసం వచ్చినవాళ్లు బారులు తీరి ఉన్నారు. నా పక్కన కూర్చున్నాయనకి పెళ్లిమండపాలున్నాయి. అడిగేది మన వార్డే, ఉండేది ఊరికి ఆ చివర. ఇంకొకాయన మొన్నటిదాకా అవతలి పార్టీ. బాత్రూంలోకి వెళ్లి కండువా మార్చుకుని వచ్చాడు. పాతది మడిచి జేబులోనే పెట్టుకున్నాడు, మళ్లీ అవసరపడుతుందని కాబోలు. లోపల నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. ఒక తీర్పు డైలాగు చెప్పమన్నారు. చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ మాటలు రాసిన రచయిత వేరే ఉన్నాడని చెబుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్లో నన్ను చూసేవాళ్లు ఎంతమందో అడిగారు. అటు నుంచీ ఇటు నుంచీ ఫోటోలు తీశారు. ప్రచారంలో నల్లకోటు విప్పకూడదన్నారు. అంతే, అయిపోయింది.

మెట్లు దిగి వచ్చి రోడ్డు మీద అలాగే నిలబడిపోయాను. వార్డు గురించి ఒక్క ముక్క కూడా నన్నెవరూ అడగలేదక్కా. లాయరుగారిని వెనక్కి పంపిన పార్టీయేనా ఇది? వాళ్లని చూస్తే కాదు, చప్పట్లకి వంగి దండం పెట్టిన నన్ను నేను తలుచుకుంటే సిగ్గేసింది.

వాళ్లింకా ఖాయం చెయ్యలేదు. ఈలోగా నువ్వు అడుగు. స్టూలు నీ దగ్గరే ఉందిగా. ఉత్తరంలోనే అడుగు. తమ్ముడని చూడకు.

నీ తమ్ముడు


మార్చి 20

అభ్యర్థిగారికి,

నవ్వకు. స్టూలు మీద కూర్చున్నవాళ్లని నాన్న "గారు" అనే పిలిచేవారు, ఇంట్లో వాళ్లనైనా సరే.

మేడమీద గదిలోనే ఏర్పాటు చేశాం. బల్ల మీద మీ బావ, పక్కింటావిడ, లాయరుగారు, నేను. లాయరుగారికి మోకాళ్ల నొప్పులు, అయినా మెట్లెక్కి వచ్చారు. స్టూలు ఎదురుగా ఖాళీగా పెట్టాం. దాన్ని చూస్తూ ప్రశ్నలు అడగడం మొదట నవ్వులాటగా ఉంది, తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

మీ బావ అడిగింది: మన వీధికి కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయి, అందరికన్నా ఆఖరున ఎవరింటికి అందుతాయి? పక్కింటావిడకి వాన గురించి కావాలి. గట్టి వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, బడిపిల్లలు ఏ దారిన చుట్టూ తిరిగి వెళ్తారు? లాయరుగారు తనని తిప్పలుపెట్టిన ప్రశ్నే నీకూ వేశారు, కాలవ ఎక్కడ పూడుతుంది, దేనివల్ల అని. అడిగేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

ఆఖరిది నాది, నాన్న అందరినీ అడిగేదే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లెవరు, వాళ్లింటి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?

ఫోన్ చేసి ఎవరినీ అడగకూడదు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
బల్ల మీది పెద్ద


మార్చి 27

బల్ల మీది పెద్దలకి,

రెండు పాదాలూ నేలకి ఆనించే రాస్తున్నాను.

కుళాయి నీళ్లు మిల్లు పొద్దుటి సైరన్ మోగగానే వస్తాయి. అది వినగానే అక్క బకెట్ పట్టుకుని పరిగెత్తేది, నేను దుప్పటి ఇంకాస్త పైకి లాక్కునేవాణ్ని. ఆఖరున అందేది అద్దకం షాపుకి. అందుకే షాపాయన రోజూ ఎవరో ఒకరితో తగాదా పడేవాడు, చేతులు ఒకరోజు నీలం, ఒకరోజు ఎరుపు. వాన నీళ్లు చెప్పులు కుట్టే ఆయన కూర్చునే చోట నిలుస్తాయి. ఆయన సామాను పెట్టె నెత్తిన పెట్టుకుని మనింట్లోకి వచ్చి నిలబడేవాడు. బడిపిల్లలు మిల్లు గోడ వెంట తిరిగి వెళ్తారు. గోడ ఎక్కి నడిచేవాళ్లలో నేనొకణ్ని, ఆ సంగతి నాన్నకి తెలియదు. కాలవ మిల్లు గేటు దగ్గర పూడుతుంది, దూది చెత్త వల్ల.

ఒంటరిగా ఉండేది చూపులేని సంగీతం మాస్టారు. ఆయన తాళంచెవి మనింట్లోనే, తలుపు వెనక మేకుకి ఉంటుంది. ఆయన తలుపు తియ్యకపోతే నాన్న అది నా చేతికిచ్చి పంపేవారు. వెళ్లి చూస్తే ఫిడేలు ఒళ్లో పెట్టుకుని నిద్రపోతుండేవారు. "ఎవరు?" అనేవారు. నేను పేరు చెప్పకముందే, అడుగుల చప్పుడు బట్టి పోల్చేసేవారు.

తప్పో ఒప్పో నాకు తెలియదక్కా. రాసినంతసేపూ నేను ఈ ఫ్లాటులో లేను. మనింటికి రావాలనుంది. చాలా ఉంది.

అభ్యర్థి


ఏప్రిల్ 4

తమ్ముడూ,

అన్నీ తప్పు.

మిల్లు ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి, సైరన్ ఎక్కడిది? నీళ్లు రోజు విడిచి రోజు, అదీ ఏ వేళకో చెప్పలేం. అపార్టుమెంట్ల మోటార్లు లాగగా మిగిలినవి మనకి. ఆఖరున అందేది మనింటికే. అద్దకం షాపు పడగొట్టి కార్లు నిలుపుతున్నారు. చెప్పులు కుట్టే ఆయన పోయాడు. రోడ్డు ఎత్తు చేశారు, వాన నీళ్లిప్పుడు బడి వాకిట్లోనే నిలుస్తాయి, పిల్లలకి చుట్టుదారి కూడా లేదు. కాలవ మొన్న మళ్లీ పూడింది. మీ బావ కర్రతో కెలికితే మన పార్టీ ప్లాస్టిక్ జెండాలే ముద్దగా పైకొచ్చాయి. ఊరేగింపు అయ్యాక ఎక్కడివక్కడ పారేసి పోయారు. సంగీతం మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. తాళంచెవి మాత్రం ఆ మేకుకే ఉంది. తియ్యడానికి మనసొప్పలేదు.

నీ జవాబులు పైకి చదివి వినిపించాను. పక్కింటావిడ కళ్లు తుడుచుకుంది. లాయరుగారు సగం మార్కులిద్దామన్నారు. నాన్న సగం మార్కులు ఎవరికీ ఇవ్వలేదు, నేనూ ఇవ్వను. నువ్వు పరీక్ష తప్పావు.

టికెట్ పెళ్లిమండపాలాయనకి ఇచ్చారు. ఫ్లెక్సీ వచ్చి మా మీద ఎగిరాడు. ఏడాది గడువిస్తే వార్డులో ఉండి, అన్నీ తెలుసుకుని అప్పుడు నిలబడతానని పెద్దాఫీసుకి చెప్పావట, నల్లకోటు తొడగనన్నావట. చేతికందినదాన్ని జడ్జిగారు కాలదన్నుకున్నాడని, అంతా నా వల్లేనని అన్నాడు. నువ్వు నాకా సంగతి రాయనే లేదు. అతను అరుస్తుంటే నాకు మాత్రం కడుపు నిండిపోయింది. సాయంత్రానికి నన్ను పార్టీ నుంచి తీసేశారు. ఫోన్లో చిన్న మెసేజ్, అంతే. కుట్టిన జెండాలు వెనక్కి అడగలేదు, నయమన్నారు మీ బావ. ఆయన నవ్వించాలనే అన్నారు, నాకు ఏడుపొచ్చింది. నాన్న వేలు పట్టుకుని వెళ్లిన ఆఫీసు అది.

అందుకని ఉన్నమాట చెబుతున్నాను. ఇక్కడ ఏడాది ఉండి ప్రతి కుళాయి సంగతీ తెలుసుకున్నా నీకు టికెట్ ఇచ్చేవాళ్లు లేరు. ఆ స్టూలు వెనక ఇప్పుడు పార్టీ లేదు, మేమున్నాం. కానీ పద్ధతి పద్ధతే. తప్పినవాడు ఏడాది ఈ వార్డులో ఉండాలి. ఇంటికి రావడానికి కారణం కావాలన్నావు. నా దగ్గర ఇదే ఉంది.

మళ్లీ రండి.

అన్నట్టు, నీ ఫ్లాటు రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

పరీక్ష తప్పావన్నచోట పెద్దగా నవ్వాను. ఈ ఫ్లాటు గోడలు నా నవ్వు వినడం అదే మొదటిసారి. తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఇక నీ దగ్గర ఏదీ దాచను కాబట్టి అదీ రాస్తున్నాను.

పెద్దాఫీసుకి ఫోన్ చేసింది నిజమే. ఏడాది గడువు అడిగితే అవతలాయన, ఇది కూడా సీరియల్లో డైలాగేనా అని నవ్వాడు. ఇది మా నాన్నదని చెప్పాను.

నా రెండో తాళంచెవి నా ఇంకో చొక్కా జేబులోనే ఉండేది. ఇవ్వడానికి ఈ ఊళ్లో ఎవరూ లేరు. బస్సెక్కే ముందు రెండూ ఇంటి యజమానికి ఇచ్చేస్తాను.

ఆదివారం పొద్దున బస్సు దిగుతాను. బస్టాండుకి ఎవరూ రావద్దు, దారిలో కాలవ చూసుకుంటూ నడిచి వస్తాను. ఆ రోజు నీళ్లొచ్చే రోజైతే బకెట్ నాకోసం గుమ్మంలో పెట్టు. ఏడాది తర్వాత మీరందరూ బల్ల మీద కూర్చోండి, ఏం అడుగుతారో అడగండి. మళ్లీ తప్పితే ఇంకో ఏడాది ఉంటాను.

మాస్టారి తాళంచెవి మేకు నుంచి తియ్యకు. బావని ఆ స్టూలు కాలు ముట్టుకోనివ్వకు.

నీ తమ్ముడు